పద్మినికి పెట్రోలు పంపు: డబ్బాలోని పాత స్టాకా, కిట్టా, కరెంటు పంపా?

నా దగ్గర ప్రీమియర్ పద్మిని కారు ఉందని తెలిసినవాళ్లంతా ఈ ఏడాది ఒకటే అడుగుతున్నారు: "పెట్రోలు పంపు పోయింది, ఎక్కడా దొరకట్లేదు, ఏం పెట్టమంటారు?" ఇక్కడ బరంపురంలో ఆ బండి ఉన్నవాళ్లం నలుగురైదుగురం, ఇచ్ఛాపురంలో ఇద్దరు. అందరిదీ ఇదే గోల. బొంబాయిలో టాక్సీలు తిరిగినన్నాళ్లు సామాన్లకు లోటుండేది కాదు. 2023 అక్టోబరులో ఆఖరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగిపోయింది.

టాంకులోంచి పెట్రోలు లాగి కార్బురేటర్‌కు పంపే ఈ పంపును మెకానిక్కులు ఏసీ పంపు అంటారు, చల్లగాలి ఏసీతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఇంజిన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి అదీ దానితోపాటే కాగుతుంది. పోయిన మేలో తప్తపాణి ఘాటు ఎక్కుతుంటే బండి నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు కింద పావుగంట కూర్చుంటే మళ్లీ స్టార్టయింది. అప్పటికి అది వేడికి పెట్రోలు ఆవిరై అడ్డుపడే పాత రోగమే అనుకున్నాను.

ఇంటికొచ్చి డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే ఇంజిన్ ఆయిల్ పెట్రోలు కంపు కొడుతోంది. పంపు లోపల పెట్రోలును లాగే రబ్బరు పొర, అదే డయాఫ్రం, చిల్లుపడితే పెట్రోలు ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ పల్చబడి బేరింగులు అరిగిపోతాయి. మీరూ ముందు ఆ వాసన చూడండి, పంపు సంగతి తర్వాత.

అందరి మోజూ కంపెనీ డబ్బాలో సీలు విప్పని పాత స్టాకు మీదే. నేనూ బొంబాయి నుంచి ఒకటి తెప్పించాను. రెండు నెలల్లో అదీ కారింది. విప్పి చూసిన మా మెకానిక్ "ఇది రబ్బరు కాదు బాబూ, అప్పడం" అన్నాడు. పాతికేళ్లు డబ్బాలో ఉన్నా రబ్బరు ఎండటం మానదు. పైగా అది అప్పటి పెట్రోలుకు చేసిన రబ్బరు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపింది. అందుకే నేను చూసేది పంపు మీద ఏ పేరుందని కాదు, లోపలి రబ్బరు ఏదని.

కాబట్టి నా ఓటు పాత పంపుకు కొత్త కిట్టు, అంటే డయాఫ్రం లాంటి లోపలి ముక్కల సెట్టు, వేయించడానికే. అంచు చుట్టూ స్క్రూలున్న పంపైతే విప్పొచ్చు. నొక్కి మూసేసిన రకమైతే ఆశ వదులుకోండి. విప్పేముందు రెండు ముక్కల మీదా కలిపి ఆకురాయితో ఒక గీత గీయండి, లేకపోతే బిగించేటప్పుడు పైపుల దిక్కు తప్పుతుంది. అంచులు వంగి ఉంటే అద్దం మీద ఎమరీ కాగితం పరిచి రుద్దాలి. డయాఫ్రం విటాన్ అనే రకం రబ్బరుదో, ఇథనాల్‌కు తట్టుకుంటుందని రాసిందో అడిగి తీసుకోండి. ఆఖర్న స్క్రూలు బిగించేటప్పుడు పంపును ఆడించే లివర్‌ను పూర్తిగా నొక్కి పట్టుకోవాలి. చాలామంది ఇది చెయ్యరు. అప్పుడు డయాఫ్రం బిర్రుగా ఉండిపోయి, నాలుగు రోజులకే అంచు దగ్గర చిరుగుతుంది.

కరెంటు పంపును తీసిపారేయలేను. టాంకు దగ్గర, కాస్త కిందగా బిగిస్తే పెట్రోలును వెనక నుంచి తోస్తుంది, కాబట్టి ఎండలో ఆవిరి పట్టే బాధ బాగా తగ్గుతుంది. వేసవిలో మోహనా వైపు తరచుగా వెళ్లేవాళ్లకు ఇదే మేలేమో. కానీ కార్బురేటర్‌కు సరిపోయే ప్రెషర్ రెండున్నర నుంచి నాలుగు పీఎస్ఐ లోపే. ఇంజెక్షన్ బండి పంపు చవగ్గా వచ్చిందని పెడితే అది నలభై దాటి తోస్తుంది. కార్బురేటర్‌లోకి వచ్చే పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ ఆ తోపుకు ఆగదు, పెట్రోలు పొంగి వేడి ఇంజిన్ మీద పడుతుంది. ఇంకోటి, ఇంజిన్ ఆగినా తాళం ఆన్‌లో ఉంటే పంపు తిరుగుతూనే ఉంటుంది. యాక్సిడెంటులో అది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? ఇంజిన్ ఆగగానే ఆయిల్ ప్రెషర్ స్విచ్చితో పంపూ ఆగేలా రిలే, ఒక ఫ్యూజు పెట్టించకుండా దీని జోలికి పోవద్దు. ఆ పాత వైరింగు మీద నాకైతే అంత నమ్మకం లేదు.

డూప్లికేట్ పంపులు పెట్టిచూశాను, లివర్ పొడవే కుదరలేదు. పాత ఇనప కొట్లో దొరికేది పైబాడీ కోసమైతే కొనండి.

ఏది పెట్టినా రబ్బరు పైపులు మార్చండి. నా బండిలో పంపు నుంచి కార్బురేటర్‌కు పోయే జానెడు పైపును వేళ్లతో వంచితే బొగ్గులా నల్లగా అంటుకుంది. కొత్తది వేశాను, డాష్‌బోర్డులో ఒక డయాఫ్రం స్పేరు కూడా పెట్టుకున్నాను. తడిగుడ్డ మాత్రం ఇంకా డిక్కీలోనే ఉంది.