ఆసియా పసిఫిక్ డివిడెండ్ ఈటీఎఫ్: చేతికొచ్చేదెంత?

షేరు మాదిరి ఎక్స్ఛేంజీలో కొనుక్కునే ఫండ్ (ఈటీఎఫ్) ఒకటి, ఐషేర్స్ ఏషియా పసిఫిక్ డివిడెండ్ ఈటీఎఫ్ (డీవీవైఏ), 2020 నుంచి నా దగ్గరుంది. కొనబోయేవాళ్లు డివిడెండ్ శాతం (ధరలో డివిడెండ్ ఎంత శాతమో) చూసేముందు, అమెరికా పన్ను కోసం మనం విదేశీయులమని చెప్పే డబ్ల్యూ-8బెన్ అనే ఫారం సంగతి తెలుసుకోండి. ఇన్నేళ్లలో నా ఒళ్లు మండింది ఆ ఒక్క విషయంలోనే.

ఫండ్‌లో ఉన్నవి ఆస్ట్రేలియా, జపాన్, హాంకాంగ్, సింగపూర్, న్యూజిలాండ్ కంపెనీలు. కానీ ఈ ఫండ్ పెట్టింది అమెరికాలో, అందుకే మనకొచ్చే డివిడెండ్ మీద పన్ను కోసేది అమెరికా. మామూలుగా 30 శాతం. మన దేశానికి వాళ్లతో పన్ను ఒప్పందం ఉంది కాబట్టి మనకు 25. ఆ 25 వర్తించాలంటే ఆ ఫారం మీద సంతకం ఉండాలి, దానికో గడువుంటుంది: సంతకం పెట్టిన ఏడాది, ఆపైన మూడు క్యాలెండర్ సంవత్సరాలు. 2020లో పెట్టిన నా సంతకం 2023 డిసెంబరు 31తో చెల్లిపోయింది.

నా బ్రోకర్ యాప్ ఏ చిన్న ఆఫర్ వచ్చినా ఫోన్ మోగిస్తుంది. ఈ గడువు గురించి మాత్రం ఒక్క మెయిలూ రాలేదు. 2024 మార్చి డివిడెండ్ పడ్డాక స్టేట్‌మెంట్ తెరిస్తే, దాని కిందే మైనస్ గుర్తుతో ఉండే విత్‌హోల్డింగ్ (ముందే కోసుకున్న పన్ను) అంకె ఎప్పటికంటే పెద్దదిగా ఉంది. భాగించి చూస్తే 0.30. చాట్‌లో అడిగితే "మీ ట్యాక్స్ కన్సల్టెంట్‌ను సంప్రదించండి" అన్నారు. కొత్త ఫారం నింపడం రెండు నిమిషాల పని. అదనంగా కోసిన 5 శాతం వెనక్కి రాబట్టేసరికి ఎండాకాలమంతా అయిపోయింది.

పోనీ ఇక్కడ రిటర్న్‌లో సర్దుకుందామా అంటే అదీ కుదరదు. హిమాయత్‌నగర్‌లో మా ఆడిటర్ గారు కాగితం మీద లెక్కేసి చూపించారు. "అమ్మా, వంద డాలర్లొస్తే 30 శాతం శ్లాబులో మీకు సెస్‌తో కలిపి 31.20 పన్ను. అక్కడ 25 కట్టారు కాబట్టి ఇక్కడ 6.20 కడితే సరి. అక్కడ 30 కోసినా మనవాళ్లిచ్చే క్రెడిట్ (అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడిచ్చే తగ్గింపు) ఒప్పందం ప్రకారం 25 వరకే. ఆ అయిదూ అమెరికా నుంచి రావాల్సిందే." అంటే చేతికి 68.80 రావాల్సిన చోట 63.80. దివాలా తీసే నష్టమేమీ కాదు. కానీ నా సొమ్ముకు కాపలా అని ఫీజు తీసుకునేవాళ్లు గడువు ముగుస్తోందని ఒక్క మాట చెప్పకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ 25కి క్రెడిట్ కావాలన్నా దానికో ప్రత్యేక ఫారం (2024లో ఫారం 67) వెయ్యాలి, డాలర్లను స్టేట్ బ్యాంకు టీటీ బయింగ్ రేటుతో (బ్యాంకు డాలర్లు కొనే రేటు) రూపాయల్లోకి మార్చాలి. డివిడెండ్ ఆదాయం ఏప్రిల్-మార్చి లెక్క, విదేశీ ఆస్తుల షెడ్యూల్ జనవరి-డిసెంబరు లెక్క. రిటర్న్‌కు సులువైన ఐటీఆర్-1 ఫారం పనికిరాదు.

మొదట్లో మా మరిదికి ఇది ఇంటద్దె లాంటిదని చెప్పాను. ఇప్పుడైతే ఆ మాట కొంచెం తగ్గించి చెబుతాను. మూణ్ణెల్లకోసారి వచ్చే మాట నిజమే. కానీ జపాన్, ఆస్ట్రేలియా కంపెనీలు ఎక్కువగా ఏడాదికి రెండుసార్లే ఇస్తాయి కాబట్టి ఒక విడత దండిగా, మరో విడత చప్పగా పడుతుంది. పైగా ఎక్కువ డివిడెండ్ శాతం ఉన్నవాటినే ఏరుకునే ఫండ్ ఇది. ధర పడిపోయిన షేరుకు శాతం దానంతటదే పెరుగుతుంది కదా, అలాంటివీ లోపలికొస్తాయి. 2012లో మొదలైన ఈ ఫండ్ ధర 2023లో కూడా తొలినాటి ధర కంటే కిందే ఉంది.

నన్ను ఆదుకున్నది డాలరు. 2020లో 75 దగ్గరున్నది 2024 చివరికి 85 దాటింది. దాన్ని చూసి కొనలేదు గానీ, రూపాయల్లో చూస్తే నా లెక్క నిలబడిందంటే సగం దాని చలవే.

మా అమ్మాయిని మెల్‌బోర్న్ పంపే ఆలోచన ఉంది, విదేశీ కరెన్సీలో ఖర్చు ముందుంది కాబట్టి నేను అమ్మట్లేదు. అలాంటి అవసరం లేకుండా, జీతంతో 30 శాతం శ్లాబులో ఉండి, కేవలం డివిడెండ్ కోసమే అయితే ఇంత తిప్పలు దేనికి? నిఫ్టీ డివిడెండ్ ఆపర్చునిటీస్ 50 (ఎక్కువ డివిడెండ్ ఇచ్చే మన కంపెనీల సూచీ) మీద ఈటీఎఫ్ ఇక్కడే దొరుకుతుంది, మామూలు డీమ్యాట్ ఖాతా చాలు. అయినా డీవీవైఏనే కొంటానంటే, ఫారం గడువు తేదీని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాకే మొదటి డాలరు పంపండి.