దక్షిణ తెలంగాణలో సర్జరీ పీజీ: మూడేళ్ల శిక్షణ తర్వాత నా సమీక్ష

నీట్ పీజీ ర్యాంకు వచ్చి, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం సీట్ల ఎంపికకు వెబ్ ఆప్షన్లు తెరిచిన రోజుల్లో, జనరల్ సర్జరీ కోరుకునేవారు ముందుగా అడిగేది ఏ కాలేజీకి పేరుందనే. 1846 నాటి ఉస్మానియా, 1954 నాటి గాంధీ సహజంగానే పై వరుసలో ఉంటాయి. 2016లో మొదలైన మహబూబ్‌నగర్, 2019లో మొదలైన నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలలను మాత్రం ‘కొత్త కాలేజీలు’ అని ఒక్క మాటతో జాబితా కిందికి నెట్టేస్తారు. ఈ ప్రాంతంలోని ఒక కళాశాలలో ఎం.ఎస్. (సర్జరీలో పీజీ డిగ్రీ) పూర్తి చేసి, ఆ తర్వాత కూడా ఇక్కడి ఆసుపత్రుల్లోనే సర్జన్‌గా పనిచేస్తున్న నా అనుభవంలో, ఈ ‘కొత్త’ అన్న ముద్ర కాలేజీ వయసును చెబుతుందే తప్ప అక్కడ ఆపరేషన్ ఎలా నేర్పుతారో చెప్పదు.

కేసులకు ఇక్కడ కొదవ లేదు. 44, 65 నంబరు జాతీయ రహదారుల మీద ప్రమాదాలకు గురైనవారు, ఎద్దు కుమ్మిన రైతులు, షుగర్ ఉన్న సంగతే తెలియక కాలి పుండు కుళ్లిపోయాక వచ్చేవారు, మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి మాత్రలు మింగి పేగుకు చిల్లు పడినవారు అడ్మిషన్ డే నాడు, అంటే మా బృందం కొత్త రోగులను చేర్చుకునే రోజున, వరుసగా వస్తూనే ఉంటారు. అయితే కేసు రావడం వేరు, పీజీకి కేసు ఇవ్వడం, అంటే ఆపరేషన్ ఆ విద్యార్థి చేత చేయించడం వేరు.

నేను సెకండ్ ఇయర్‌లో ఉండగా ఒక రాత్రి అచ్చంపేట వైపు నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. ఎక్స్‌రేలో డయాఫ్రం (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండర పొర) కింద గాలి, అంటే లోపల చిల్లు పడిందనే గుర్తు, స్పష్టంగా కనిపిస్తోంది. మా అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, రోగికి ఎడమవైపున, అంటే సహాయకులు నిలబడే చోట తాను నిలబడి, నన్ను కుడివైపుకు రమ్మన్నారు. డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) మీది చిల్లుకు అటూ ఇటూ మూడు కుట్లు వేశాక, ఒమెంటం (పేగుల మీద పరుచుకునే కొవ్వు పొర) ముక్కను దాని మీద పరిచి ముడి వేస్తుండగా, నా వేలి మీద తన వేలు ఆనించి, “ఇంకా బిగిస్తే దానికి రక్తం అందదు, చచ్చిపోతది. ఇక్కడ ఆపు” అన్నారు. ముడి ఎంత బిగించాలన్నది నాకు అప్పుడే తెలిసింది.

అదే కాలేజీలో, అదే అంతస్తులో ఉన్న మరో యూనిట్ (ఒకే విభాగంలో కలిసి పనిచేసే వైద్యుల బృందం) పీజీలు మాత్రం ఫైనల్ ఇయర్ వచ్చినా రిట్రాక్టర్ (కోత అంచులను పక్కకు లాగి పట్టే పరికరం) పట్టుకునే నిలబడ్డారు. 2007లో ఆరోగ్యశ్రీ ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఇక్కడి పేదలకు ఆ పథకం ఎంత అండగా ఉందో రోజూ చూస్తున్నాను. కానీ ముందస్తు అనుమతులకు రిపోర్టులు, ఫొటోలు ఎక్కించే పని మొత్తం పీజీల మీద వేసి, థియేటర్‌లో వారికి చోటివ్వని యూనిట్‌ను శిక్షణ యూనిట్ అనలేం. అందుకే నేను కాలేజీకి కాదు, యూనిట్‌కు మార్కులు వేస్తాను.

పని గంటల విషయంలో నాకు ఇప్పటికీ కోపమే. వారానికి 48 గంటలు, ఒక విడతలో 12 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు సముచితమైన పని వేళలు, వారానికొక సెలవు ఉండాలన్నాయి. మాకు మాత్రం అడ్మిషన్ డే మరుసటి ఉదయం రౌండ్స్‌లో, ఆ మధ్యాహ్నం డ్రెస్సింగుల్లో కలిసిపోయేది. అంతకన్నా ఎక్కువ నష్టం చేసింది రోగి బంధువుల ముందే పీజీని తిట్టే అలవాటు. దీన్ని సర్జరీ సంప్రదాయమని సమర్థించేవారితో నేను ఏకీభవించను. అలా తిట్లు తిన్న ఫస్ట్ ఇయర్ పీజీ, మరో రాత్రి డ్రెయిన్‌లో (ఆపరేషన్ తర్వాత లోపలి ద్రవం బయటకు వచ్చే గొట్టంలో) రంగు మారిందని అనుమానం వచ్చినా పైవారికి ఫోన్ చేయడానికి వెనకాడతాడు. తెల్లవారేదాకా ఆగిన ఆ ఆలస్యాన్ని మోసేది రోగి.

మా దగ్గర ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) తక్కువ. క్యాన్సర్ ఆపరేషన్లు దాదాపు అన్నీ హైదరాబాద్‌కే వెళ్లేవి. పీజీలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాల్సిన మూడు నెలల జిల్లా రెసిడెన్సీని చాలామంది వృథా అంటారు గానీ, చిన్న ఆసుపత్రిలో ఏది చేయవచ్చో, దేన్ని వెంటనే పంపించాలో నిర్ణయించడం నాకు అక్కడే అలవడింది.

సీటు ఎంచుకునే ముందు వీలైతే ఒక అడ్మిషన్ డే నాడు ఆసుపత్రికి వెళ్లి చూడండి. ఫైనల్ ఇయర్ అన్నలతో, అక్కలతో డిపార్ట్‌మెంట్‌లో కాకుండా క్యాంటీన్‌లో మాట్లాడండి. లాగ్‌బుక్‌లో (పీజీ తాను పాల్గొన్న ఆపరేషన్లు రాసుకునే పుస్తకంలో) సహాయం చేసినవెన్ని, స్వయంగా చేసినవెన్ని అని అడగండి. రాత్రి రెండు గంటలకు ఎవరు వస్తారో, రోగి చనిపోయినప్పుడు జరిగే సమీక్షలో ‘ఎవరు చేశారు’ అని అడుగుతారో, ‘ఎక్కడ తప్పింది’ అని అడుగుతారో తెలుసుకోండి. ఆడ పీజీలకు లోపల గడియ పడే డ్యూటీ రూమ్ ఉందో లేదో కళ్లారా చూడండి. సీటు మధ్యలో వదిలేసి వెళ్లినవారు ఉంటే, కారణం వారినే అడగండి.

ల్యాపరోస్కోపీ, క్యాన్సర్ సర్జరీ మీద దృష్టి ఉన్నవారు హైదరాబాద్ కళాశాలలనే పైన పెట్టుకోవడం మంచిది. జిల్లాలో సర్జన్‌గా స్థిరపడాలనుకునేవారికి మాత్రం, రాత్రి పిలిస్తే వచ్చే అధ్యాపకులున్న యూనిట్ దొరికితే, మా ప్రాంతపు కొత్త కాలేజీని ముందు వరుసలోనే పెట్టమని చెబుతాను.