విరిగిన జాలీ పనికి ఏ జిగురు? గోదావరి ముసురులో నాలుగింటి మంచీ చెడూ

స్క్రోల్ సా (సన్నటి బ్లేడుతో వంపులు కోసే రంపపు మిషను) మీద కోసిన చెక్క జాలీ పని పాలిష్ కూడా ఆరాక విరిగిందంటే, విరిగే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే. కోశాక చెక్కలో మిగిలే సన్నటి తీగకు నార అడ్డంగా పోయిన చోటు. వినాయకుడి తొండం కొస, నెమలి పింఛం అంచు, గుమ్మం మీది పేరు పలకలో 'శ్రీ' చుట్టూ తిరిగే లత, పూజ మందిరం తలుపు జాలీలో మూల. మూడు నాలుగు మిల్లీమీటర్ల తీగలో నార పొడవునా పోతే కాస్త వంగి ఊరుకుంటుంది. అడ్డంగా పోతే బిస్కెట్టులా పుటుక్కుమంటుంది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఈ బాధ తక్కువే. కానీ నాసిరకం ప్లైలో లోపలి పొరల మధ్య ఖాళీలుంటాయి, తీగ సరిగ్గా ఆ ఖాళీ మీద పడితే అదీ విరుగుతుంది.

రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా ఇలాంటి విరుపుకి దొరికేవి నాలుగు: ఫెవికాల్ ఎస్‌హెచ్, ఫెవికాల్ మెరైన్, ఫెవిక్విక్, ఆరల్డైట్. నాలుగూ వాటి పనికి మంచి సరుకే. విరుపు ఎలాంటిదో చూడకుండా చేతికందింది పూయడంతోనే బాగయ్యే బొమ్మ కూడా పాడవుతుంది.

జిగురు మూత తియ్యకముందే చెయ్యాల్సిన పని ఒకటుంది. విరిగిన ముఖాలను వేలితో రుద్దకండి, సాండ్ పేపరు అసలే పెట్టకండి. ఆ గరుకు పేళ్లే ఒకదాంట్లో ఒకటి తాళం చెవిలా కూర్చుంటాయి. అరగదీస్తే అతుకు సరిపోదు, గీత కనబడుతుంది. నేల మీద పడ్డ పేళ్లన్నీ, గింజంత ముక్కలతో సహా, ఒక తెల్ల కాగితం మీదికి ఏరండి. జిగురు లేకుండా ఒకసారి కూర్చి చూడండి. మూడు ముక్కలకు మించితే వెనకవైపు పెన్సిలుతో అంకెలు వెయ్యండి.

అందరి చెయ్యీ ముందు పోయేది ఫెవిక్విక్ మీదికే కాబట్టి దాని సంగతి మొదట. ఇది గాలికి ఆరే జిగురు కాదు, గాలిలోని, చెక్కలోని తేమ తగిలి గట్టిపడే జిగురు. తేమ 80 శాతం దాటిన ముసురు రోజుల్లో ముక్కను సరిచేసుకునేలోపే పట్టేస్తుంది. వెంట్రుకవాసి పక్కకి పట్టినా ఇక కదలదు. రెండో చిక్కు తెల్ల మచ్చ: పట్టేటప్పుడు లేచే ఆవిరి అతుకు చుట్టూ బూడిద చల్లినట్టు పేరుకుంటుంది. ముదురు టేకు మీద, పాలిష్ చేసిన ఇరుగుడు మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గాలి తేమగా ఉన్నకొద్దీ, జిగురు ఎక్కువైనకొద్దీ ఈ మచ్చ ఎక్కువ. మూడోది, అతుకు గట్టిగానే ఉంటుంది గానీ పెళుసు. లాగితే ఓర్చుకుంటుంది, పక్కనుంచి దెబ్బ తగిలితే ఊడుతుంది. తలుపు జాలీలాగా రోజూ అదిరే వస్తువుకి ఇదొక్కటే నమ్ముకోవడం తప్పు.

మరి దేనికి మంచిది? ప్లైవుడ్ తీగలో పొర లేచి, ముక్క విడిపోకుండా సన్నటి చీలిక మాత్రమే వచ్చినప్పుడు దీనికి సాటి లేదు. చుక్కను చీలిక మీద ఆనిస్తే తనే లోపలికి పాకుతుంది. పాలిథిన్ కాగితం అడ్డం పెట్టి అరనిమిషం నొక్కితే చాలు. రెండో వాడుక క్లాంపుగా, అంటే ముక్కను నొక్కి పట్టే బిగింపుగా. అతుకు మధ్యలో ఎస్‌హెచ్, అంచున ఒకే ఒక్క చుక్క ఫెవిక్విక్. ఫెవిక్విక్ క్షణాల్లో ముక్కను నిలబెడుతుంది, ఎస్‌హెచ్ తీరిగ్గా బలం పుంజుకుంటుంది. క్లాంపు పట్టని వంపుల్లో ఇది చాలా పనికొచ్చే పద్ధతి. చిన్న సొట్టలో వంటసోడా పోసి చుక్క వేస్తే వెంటనే రాయిలా అవుతుంది, కానీ ఆ చోటు రంగు పీల్చదు, కాబట్టి వెనకవైపు మాత్రమే చెయ్యండి. దూదితో, నూలు గుడ్డతో ఈ జిగురు తుడవకండి. నూలు తగిలితే బాగా వేడెక్కుతుంది, చెయ్యి కాలుతుంది. మూత తీసిన ట్యూబు మన గాలిలో త్వరగా గడ్డకడుతుంది. గట్టి మూతున్న సీసాలో, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లంతో ఫ్రిజ్‌లో పెడితే నిలుస్తుంది. వాడే ముందు సీసా గది వేడికి వచ్చాకే తెరవండి, లేకపోతే చల్లటి ట్యూబు మీద నీరు పడుతుంది.

అసలు మరమ్మతు జిగురు ఎస్‌హెచ్. షాపులో అడిగేటప్పుడు 'ఎస్‌హెచ్' అని నొక్కి చెప్పండి, పిల్లల క్రాఫ్టుకి వాడే ఎంఆర్ బాటిల్ చేతిలో పెట్టేస్తారు. అది కాగితానికి, అట్టకి. ఎస్‌హెచ్ నారలోకి ఇంకి పట్టుకుంటుంది. నార పొడవునా చీలిన విరుపుకి సరిగ్గా పూస్తే మళ్లీ విరిగేది పక్కన చెక్కే గానీ అతుకు కాదు. అడ్డంగా తెగిన విరుపులో మాత్రం తెగిన నార గొట్టాలు జిగురును పీల్చేస్తాయి, నొక్కాక మధ్యలో ఏమీ మిగలదు. అందుకే రెండు పూతలు. అగ్గిపుల్లతోనో పళ్లపుల్లతోనో రెండు ముఖాలకూ పలచగా పూసి ఐదు నిమిషాలు ఆగండి, మళ్లీ సన్నటి పూత వేసి కూర్చండి. ఈ ఐదు నిమిషాలు ఆగకపోవడమే అడ్డవిరుపు అతుకులు ఊడటానికి ఒక పెద్ద కారణం.

నొక్కి పట్టడంలోనూ జాగ్రత్త కావాలి. బట్టల క్లిప్పు స్ప్రింగు మూడు మిల్లీమీటర్ల తీగకు చాలా ఎక్కువ, ఇంకో చోట విరుస్తుంది. బల్ల మీద పాలిథిన్ పరిచి బొమ్మను వెల్లకిలా పెట్టండి. అతుకు మీదుగా మాస్కింగ్ టేపును కొద్దిగా లాగి అంటించండి. పైన కిలో ఇసుక పోసిన ప్లాస్టిక్ సంచి పెడితే వంపులన్నిటి మీదా ఒకేలా ఒత్తుతుంది. వంపు తీగలకు థర్మోకోల్ పలక మీద పెట్టి రెండు వైపులా గుండుసూదులు గుచ్చినా నిలుస్తుంది. ఎండాకాలంలో గంటసేపు కదపకుంటే చాలు, మర్నాటికి పూర్తి బలం. ముసురు పట్టినప్పుడు మూడు గంటలు టేపు తియ్యకండి, రెండు రోజులు ఎత్తకండి. తడి చెక్క జిగురులోని నీటిని పీల్చుకోదు, గాలీ తీసుకోదు. ఆ నీరు ఇంకెటు పోతుంది?

పైకి ఉబికిన జిగురు గురించి వడ్రంగుల్లో రెండు మాటలున్నాయి, రెండూ నిజమే. పచ్చి చెక్కయితే తడి గుడ్డతో తుడవకూడదు. జిగురు పలచబడి నారలోకి పోయి, తర్వాత పాలిష్ వేస్తే అక్కడ లేత మచ్చ తేలుతుంది. అరగంట ఆగి, రబ్బరులా అయ్యాక బ్లేడుతో గీకెయ్యాలి. పాలిష్ అయిన పని విరిగితే మాత్రం పాలిషే కాపాడుతుంది కాబట్టి తడిపి పిండిన ఇయర్ బడ్‌తో వెంటనే తుడిచేయొచ్చు.

ఎస్‌హెచ్‌కి ఉన్న లోపాలు: నీళ్లు తగిలితే మెత్తబడుతుంది, ఎండిన పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు. ఒకసారి అతికించి ఊడినదైతే పాతదంతా తియ్యాలి. గోరువెచ్చని వెనిగర్‌ను ఇయర్ బడ్‌తో అద్దుతూ, మెత్తబడ్డాక సూదిమొనతో గీకి, ఒక రోజు ఆరనివ్వాలి.

మెరైన్ వాడే తీరంతా ఎస్‌హెచ్ లాగే, తేడా నీటికి ఓర్చుకోవడంలో. వీధి గుమ్మం పేరు పలకకు, అభిషేకం నీళ్లు చిందే పీఠానికి, అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రపొడ్డు ఊళ్లలో వాడే దేనికైనా ఇదే తీసుకోండి. హాల్లో గోడ గడియారానికి ఆ అదనపు డబ్బు దండగ.

పేళ్లు దొరక్కుండా పోయి మధ్యలో సందు మిగిలితే ఎస్‌హెచ్ పనికిరాదు. అది సందు నింపే జిగురు కాదు. అక్కడే ఆరల్డైట్. రెసిన్, హార్డెనర్ అనే రెండు ట్యూబుల్లోంచి సమానంగా గీతలు గియ్యండి (తూకం వేసేవాళ్లకు రెసిన్ 100 పాళ్లు, హార్డెనర్ 80). టైల్ ముక్క మీద రెండు మూడు నిమిషాలు, రంగు ఒక్కటయ్యేదాకా కలపాలి. 'నెల రోజులైనా జిగటగానే ఉంది' అనే ఫిర్యాదుకి మూలం దాదాపు ఎప్పుడూ కలపడంలో, కొలతలో ఉంటుంది. అదే చెక్క రంపపు పొట్టును మెత్తగా జల్లించి ఇందులో కలిపితే సందు నిండుతుంది, పూసింది జారదు. గట్టిగా నొక్కకండి, ఈ జిగురుకి మధ్యలో పలచటి పొర మిగలాలి. మామూలు రకం 8 నుంచి 10 గంటల్లో గట్టిపడుతుంది, బలానికి పూర్తి రోజు కావాలి. 5 నిమిషాల క్లియర్ రకం తొందరకి బాగుంటుంది గానీ బలం తక్కువ, నాలుగు ముక్కలు కూర్చేలోపు కప్పులోనే బిగుస్తుంది. మామూలు రకం తేనె రంగు. టేకులో, ఇరుగుడులో కలిసిపోతుంది. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి, ఏటికొప్పాక అంకుడు లాంటి లేత చెక్కల్లో గీతలా కనిపిస్తుంది. ఇది ఊడతీసి మళ్లీ చేసే జిగురు కాదు, కాబట్టి పూసేముందు రెండుసార్లు కూర్చి చూసుకోండి.

తొండం కొస లాగా బరువు, దెబ్బ తగిలే చోట అతుకొక్కటే చాలదు, వెదురు మేకు కావాలి. ముందే రెండు వైపులా రంధ్రాలు చేస్తే ఎదురెదురుగా రావు. ముందు అతికించి, పూర్తిగా ఆరాక, వెనకనుంచి ఏటవాలుగా అతుకు దాటేలా 1 మిల్లీమీటరు బిట్‌తో చేత్తో తిప్పుతూ తొలవండి. వెదురు పుల్లను ఆ లావుకి చెక్కి, జిగురు ముంచి దూర్చి, ఆరాక సమంగా కొయ్యండి. తీగ మందం రంధ్రానికి కనీసం మూడు రెట్లుండాలి. ఇంటి నిండా కొబ్బరి ఈనెలున్నాయని వాటిని వాడాలనిపిస్తుంది. వద్దు, నున్నటి పైతొడుగు మీద జిగురు నిలవదు.

తీగ మూడు నాలుగు చోట్ల తెగితే అతకడం మానేసి కొత్త ముక్క కొయ్యడం మేలు. పాత నమూనా కాగితం దాచుకున్నవాళ్లకు ఇది గంట పని. నార దిశ పాతదానితో కలవాలి, అతుకు డిజైనులో సహజంగా గీత ఉన్న చోట రావాలి, రెండు కొసలూ నిలువుగా కాక ఏటవాలుగా కొయ్యాలి. స్క్రోల్ సాకి 2/0 నుంచి 1 నంబరు బ్లేడు సరిపోతుంది. రంగు సరిచెయ్యడంలో లక్క పాలిష్‌ది పైచెయ్యి: కొత్త పూతలోని స్పిరిట్ పాత పూతను కరిగించి కలుపుకుంటుంది. పీయూ (పాలియురేథేన్) పాలిష్ కలవదు, అంచు కనబడుతుంది. మొత్తం ముఖం పలచగా రుద్ది మళ్లీ కొట్టాల్సిందే.

ఒక్కటే కొనేట్టయితే ఎస్‌హెచ్, రెండయితే ఎస్‌హెచ్, ఆరల్డైట్. ఫెవిక్విక్ వీటికి తోడుగానే, వీటి బదులుగా కాదు.

గృహప్రవేశానికి బహుమతిగా అమలాపురం నుంచి బస్సులో పోయే జాలీ పనికి, కోసేటప్పుడు రాలిన ముక్కలను పారెయ్యకుండా వాటి కంతల్లోనే తిరిగి పెట్టి, ముందూ వెనకా అట్ట వేసి కట్టండి. తీగలకు ఊగే చోటుండదు. సాండ్ పేపరు పట్టేటప్పుడూ ఆ ముక్కలే ఆసరా. గోడకెక్కాక గుడ్డతో తుడవొద్దు, దారప్పోగు కొసకు తగులుకుని లాగేస్తుంది. ఒకటిన్నర అంగుళం మెత్తటి పెయింటు బ్రష్‌తో, తీగ పొడవునా, పైనుంచి కిందికి దులపండి.