కాలనీ చుట్టూ నడవాలా, ఒక్క గానుగ చెట్టు దగ్గరే కూర్చోవాలా?

కాలనీలో పిట్టల్నీ చెట్లనీ పురుగుల్నీ గమనించడం మొదలుపెట్టినవాళ్లు నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఇది.

పిట్టల జాబితా పెరగాలంటే నడకే మేలు. తెల్లవారిన గంటలోపు బయల్దేరి, కిలోమీటరు దారిని ముప్పావు గంటలో పూర్తి చేయాలి. 200 మీటర్లకోసారి ఐదేసి నిమిషాలు ఆగాలి. చెత్తకుండీ దగ్గర గోరింకలు, కరెంటు తీగ మీద లకుముకి, పైన తిరిగే గద్ద, ఇవన్నీ ఒక్క చెట్టు దగ్గర దొరకవు. చిక్కంతా లెక్కలోనే. వెళ్లేటప్పుడు చూసిన గోరింకల గుంపునే తిరిగొస్తూ మళ్లీ లెక్కేస్తుంటారు. అందుకని వచ్చిన దారినే వెనక్కి రాకుండా చుట్టు తిరిగొచ్చే దారి చూసుకోవాలి. చూసిన పిట్టల లెక్క నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో రాసేవాళ్లు 30 మీటర్లు దాటి కదిలితే దాన్ని నడక కిందే వేయాలి, ‘ఒకే చోట’ కింద కాదు.

అయితే నడకలో పిట్ట కనిపిస్తుంది గానీ, అది ఆ కొమ్మకే ఎందుకొచ్చిందో తెలియదు. నా లెక్కలో అసలు తేల్చేది ఇదే.

గానుగనే తీసుకోండి. హైదరాబాదు వీధుల్లో దీనికి కొదవ లేదు. ఎండాకాలం ముందు ఆకు రాల్చి, వెంటనే నిగనిగలాడే చిగురు వేస్తుంది. కామన్ బాండెడ్ ఆల్ అనే గోధుమరంగు సీతాకోకచిలుక ఆ చిగుళ్ల మీదే గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు లేతాకుల్ని సన్నని దారంతో దగ్గరికి లాగి కట్టేసుకుని, ఆ మడతలో దాక్కుని తింటుంది. ఆకు అంచు కొరికినట్టుండి, కింది ఆకు మీద నల్లటి చిన్న పెంటికలు రాలి ఉంటే, పురుగు పైన మడతలో ఉన్నట్టే. కాసేపు కదలకుండా ఉంటే టైలర్ బర్డ్ (ఆకులు కుట్టి గూడు కట్టే చిన్న పిట్ట) ఆకుల సందుల్లో పురుగులు ఏరుకుంటూ వస్తుంది. ముదురాకుల మీద వేళ్లలా లేచిన బుడిపెలు చూసి మందు కొట్టించాలని తొందరపడకండి, అవి కంటికి ఆనని ఆకు నల్లులు (మైట్లు, మంచాల్లో ఉండే నల్లులు కావు) కట్టుకున్న ఇళ్లు. వాటివల్ల చెట్టు చావదు. పూత మొదలయ్యాక తేనెటీగలు ముసురుకుంటాయి, తేనెపిట్టలూ వస్తాయి. ఈ వరస అంతా వారం వారం అదే చెట్టును చూసినవాళ్లకే అందుతుంది.

చెట్టు కిందే నిలబడి పైకి చూస్తే ఆకాశం వెలుగుకి ప్రతి పిట్టా నల్లగానే ఉంటుంది. మొదలుకి 8–10 మీటర్ల దూరంలో, ఎండ వీపు మీద పడేలా కూర్చోండి. మొదటి అంతస్తు మేడ దొరికితే ఇంకా మంచిది. మనం వెళ్లిన అలికిడికి చెదిరిన పిట్టలు తిరిగి రావడానికి పది నిమిషాలు పడుతుంది కాబట్టి కనీసం 25 నిమిషాలు కేటాయించాలి. ఆఖరి ఐదు నిమిషాలు దగ్గరికెళ్లి, బెరడునీ ఆకుల అడుగునీ చూడాలి. చిగురు, మొగ్గ, పువ్వు, కాయ ఎంతున్నాయో, చెట్ల రుతుమార్పుల్ని జనంతో నమోదు చేయించే సీజన్‌వాచ్ పద్ధతిలో ‘లేదు, కొంచెం, ఎక్కువ’ అని రాసుకుంటే చాలు, మూడోవంతు దాటితే ఎక్కువ కిందే. కరెంటు తీగల కింది చెట్టును మాత్రం ఎంచుకోకండి. వానల ముందు కొమ్మలు కొట్టేస్తారు, ఏడాది పూత లెక్క అక్కడితో తెగిపోతుంది.

రావి సంగతి వేరు. పండు పండితే కంసాలి పిట్టలు, కోకిలలు కట్టకట్టుకుని వస్తాయి. కానీ కొమ్మలు మరీ ఎత్తున ఉండి పురుగులు కంటికి ఆనవు. పిట్టలు ఒక్కటే కావాలంటే రావి, పిట్టా చెట్టూ పురుగూ మూడూ కావాలంటే గానుగ.

బాల్కనీలో గింజలు చల్లితే చాలాచోట్ల వచ్చేవి పావురాలే. కూత విని పేరు చెప్పే యాప్‌లు హారన్ల రొదలో తరచూ పొరపడతాయి, కంటితో చూడకుండా రాసుకోకండి.

నడకను పూర్తిగా మానక్కర్లేదు. గులాబీ గోరింకల్లాంటి వలస పిట్టలు దిగే చలికాలంలో నెలకోసారి ఒక చుట్టు వేయండి. ఫిబ్రవరిలో ప్రపంచమంతా పిట్టల్ని లెక్కపెట్టే నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌కి 15 నిమిషాల లెక్క సరిపోతుంది, అది గానుగ దగ్గర కూర్చునే చేయొచ్చు.