జ్ఞానాపురం వైపు మా విచారణ (అంటే మా చర్చి పారిష్) ఎలా ఉంటదంటే

వైజాగ్‌కి కొత్తగా వచ్చి ఏ గుడికి వెళ్లాలా అని చూస్తున్న కాథలిక్ ఫ్యామిలీస్ కోసం ఇది. పూజ టైమ్‌కి మొదలవుద్ది, పాటలు బాగుంటాయి. కానీ నాకు ప్రాణం మాత్రం చిన్న క్రైస్తవ సంఘాలే, వాడకొకటి ఉంది, ఒక్కోసారి ఒక్కొక్కళ్లింట్లో చేరి జపమాల చెప్పుకుని ఆదివారం సువార్త చదువుకుంటాం, ఎవరికి ఒంట్లో బాలేదు ఎవరికి పని పోయింది అన్నీ అక్కడే తెలుస్తాయి. మా అత్తమ్మ హాస్పిటల్లో ఉన్నప్పుడు పేదలకి, రోగులకి సాయం చేసే విన్సెంట్ డి పాల్ సంఘం వాళ్లు అడక్కుండానే క్యారేజీ తెచ్చారండి! 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ స్టూడెంట్‌గా ఉండి ఫ్రెండ్స్‌తో మొదలెట్టిన పని అది, ఇక్కడ మా వీధి దాకా వచ్చింది, తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తది.

పిల్లల సత్యోపదేశం (మత పాఠాల క్లాస్) సిస్టర్ గారు చాలా ఓపికగా చెప్తారు. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) అయిపోయాక మాత్రం పెద్ద పిల్లలకి ఏమీ లేదు, మెల్లగా జారిపోతున్నారు, ఫాదర్ గారు దీని మీద గట్టిగా దృష్టి పెట్టాలి. బైబిల్ క్లాస్ సాయంత్రం ఆరింటికి పెడితే పోర్టులో షిఫ్టు డ్యూటీ వాళ్లు ఎలా వస్తారు చెప్పండి.

తపస్సు కాలంలో (ఈస్టర్‌కి ముందు వచ్చే లెంట్ రోజుల్లో) శుక్రవారం సిలువ మార్గం మిస్సవ్వకండి. డిసెంబర్ 8న రాస్ హిల్ మీద మరియమాత పండగకి వెళ్లాలనుకుంటే పొద్దున్నే బయల్దేరండి, జనం బాగా ఉంటారు, పెద్దవాళ్లకి కొండెక్కడం కష్టం.