అయిదు లడ్డూలు, ఒక సెంటు సీసా

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి తనిఖీ అంటే బెరుకు ఉండదు. అలిపిరి దగ్గర బండి దిగి, సంచులు స్కానర్ మీద పెట్టి, చేతులు చాచి నిలబడి, అవతలి వైపున సంచులు ఏరుకుని మళ్ళీ బండెక్కడం మాకు కొండకు వెళ్ళే దారిలో ఒక భాగం. సిగరెట్టు పెట్టె, మందు సీసా పైకి వెళ్ళవని మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు. 2003 అక్టోబరులో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద అక్కడే మందుపాతరలు పేలిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. అందుకే జర్మనీలో ఉన్న మా అమ్మాయి, "విమానాశ్రయాల్లో తనిఖీలు గట్టిగా ఉంటాయి, నాన్నా, సామాను జాగ్రత్తగా సర్దుకోండి" అని ఫోనులో చెబితే నవ్వేశాను. ఆ నవ్వుకు ఒక సెంటు సీసా ఖరీదు కట్టుకోవలసి వచ్చింది.

రెండుసార్లు వెళ్ళివచ్చాం, నేనూ మా ఆవిడా. 2023 వేసవిలో గల్ఫ్ మీదుగా వెళ్ళాం, 2025 నవంబరులో నేరుగా వెళ్ళాం. రెండు దారులనూ పోల్చి చెప్పగలిగేది అందుకే.

రేణిగుంటలో విమానాశ్రయం ఉన్నా ఐరోపాకు వెళ్ళే విమానం మనకు చెన్నై, బెంగళూరు, హైదరాబాదులలోనే దొరుకుతుంది. బెంగళూరు సుమారు 250 కిలోమీటర్లు, చెన్నై అందులో సగానికి కాస్త ఎక్కువ. రేణిగుంట నుంచి హైదరాబాదుకు ఎగిరి అక్కడ మారడం సుఖమే గానీ, మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద ఉంటేనే. రెండు టికెట్లు విడివిడిగా కొంటే హైదరాబాదులో పెట్టెలు దింపుకుని మళ్ళీ అప్పగించాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానివాళ్ళకు ఏ పూచీ ఉండదు.

మొదటిసారి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి మెట్రోలో విమానాశ్రయం చేరాం. ఖర్చు స్వల్పం. కానీ 23 కిలోల పెట్టెలు రెండు పట్టుకుని జనంలో నడవడం అరవై దాటినవాళ్ళు చేయవలసిన పని కాదు. రెండోసారి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో వెళ్ళాం. విమానం అర్ధరాత్రి దాటాక కాబట్టి పల్లావరం వైపు ఒక లాడ్జిలో ఆరు గంటల పాటు ఉండడానికి గది తీసుకున్నాం. దుప్పటి శుభ్రంగా ఉంది, వేడి నీళ్ళు వచ్చాయి. కిటికీ తలుపు మాత్రం సరిగా మూసుకోలేదు. దిగే ప్రతి విమానమూ మా మంచం పక్కనే దిగుతున్నట్టు ఉండేది. నిద్రపోదామనుకుంటే ఆ గది వద్దు. స్నానం చేసి నడుం వాల్చడానికైతే ఇచ్చిన డబ్బుకు న్యాయమే.

ఇక అసలు సంగతి. చేతిసంచిలో ద్రవాలు ఒక్కొక్కటి 100 మి.లీ. మించని సీసాల్లో, అన్నీ కలిపి లీటరు పట్టే ఒక పారదర్శకమైన సంచిలో ఉండాలన్న నియమం 2006 నాటిది. లండన్ నుంచి అమెరికా వెళ్ళే విమానాల్లో ద్రవ పేలుడు పదార్థాలు పెట్టాలన్న కుట్ర ఆ ఏడాది ఆగస్టులో బయటపడింది. నవంబరుకల్లా ఐరోపా అంతటా ఈ నియమం వచ్చేసింది. కొత్త రకం స్కానర్లు వచ్చిన కొన్ని విమానాశ్రయాల్లో ఇప్పుడు పెద్ద సీసాలనూ వదులుతున్నారు. దాన్ని నమ్ముకుని సర్దుకోకూడదు. మీరు బయలుదేరే చోట వదిలింది మధ్యలో దిగే చోట ఆగిపోవచ్చు.

నాకు జరిగింది అదే. చెన్నైలో లోపలి దుకాణంలో అల్లుడుగారి కోసం 125 మి.లీ. సెంటు కొన్నాను. దుకాణం పిల్ల దాన్ని మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రసీదు లోపల కనబడేలా ఉంచి, సీలు వేసి, "చేరేదాకా తెరవకండి సార్" అని కూడా చెప్పింది. విమానంలో ఏమీ తోచక, వాసన ఎలా ఉందో చూద్దామని సీలు చింపాను. గల్ఫ్‌లో మారే చోట మళ్ళీ తనిఖీ ఉంటుందని నాకు తట్టలేదు. విమానం దిగి విమానం ఎక్కుతున్నాం, బయటికే పోలేదు, ఇంకేం చూస్తారనుకున్నాను. సీలు తెగిన సంచిని చూసి అక్కడి కుర్రాడు తల అడ్డంగా ఊపి సీసాను పక్కనున్న డబ్బాలో వేశాడు. అందులో నాలాంటివాళ్ళ సీసాలు చాలానే ఉన్నాయి.

అంతటితో అయిపోలేదు. చేతిసంచిలో అయిదు లడ్డూలు ఉన్నాయి, ప్రసాదం కదా అని పెట్టెలో వేయలేదు. ఎక్స్‌రే తెర మీద తిండి పదార్థాలూ పేలుడు పదార్థాలూ ఒకే నారింజ రంగులో కనిపిస్తాయట. గుండ్రంగా, చిక్కగా, వరుసగా అయిదు. సంచి పక్కకు లాగారు. ఆ కుర్రాడు కవరు విప్పి, ఒక్కొక్క లడ్డూ పక్కన గుడ్డ పీలికలాంటిది రాసి, ఆ పీలికను యంత్రంలో పెట్టి చూశాడు. అయిదుసార్లూ పచ్చ దీపమే వెలిగింది. చివరి లడ్డూ అంచు విరిగి రెండు బూంది పలుకులు బల్ల మీద పడితే మా ఆవిడ వాటిని ఏరి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. కుర్రాడు ఆమెనూ లడ్డూనూ మార్చి మార్చి చూశాడు. ఈ తతంగమంతా అయ్యేసరికి తర్వాతి విమానానికి ముప్ఫై అయిదు నిమిషాలే మిగిలాయి. పరుగెత్తాం.

పరుగెత్తి ఎక్కినా విమానం కదలలేదు. పెట్టెలు వేసి ఎక్కకుండా పోయిన ఎవరిదో సామాను వెతికి దింపుతున్నారని చెప్పారు. పక్క సీటాయన, గుంటూరు వైపువారు, విసుక్కున్నారు. నాకు 1985 జూన్ 23 గుర్తొచ్చింది. ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరానికి దగ్గర్లో సముద్రం మీద పేలిపోయి 329 మంది పోయారు. బాంబు ఉన్న పెట్టె ఎక్కింది, దాన్ని అప్పగించినవాడు ఎక్కలేదు. ఆయనకు ఆ మాట చెప్పాను. ఆయన మళ్ళీ గడియారం చూసుకోలేదు.

రెండోసారి గల్ఫ్ వద్దని పట్టుబట్టింది మా అమ్మాయే. 2025 జూన్‌లో ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించినప్పుడు అక్కడి గగనతలాన్ని కొన్ని గంటలు మూసేశారు, వేలమంది మధ్యలో చిక్కుకున్నారు. చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా వెళ్ళే టికెట్టుకు మాకు మనిషికి 14 వేలు ఎక్కువైంది. నా లెక్కలో అది దండగ కాదు. ఎన్ని చోట్ల దిగితే అన్ని తనిఖీలు, అన్ని నియమాలు. మా ఆవిడ ఇన్సులిన్ వాడుతుంది. అది చేతిసంచిలోనే ఉండాలి, కింద సామాను గదిలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. పెన్నులు, సూదులు, చల్లదనం పోకుండా ఉంచే జెల్ సంచి, డాక్టరుగారు ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీ, అన్నీ ఒక తనిఖీలో చూపిస్తే సరిపోయింది. మొదటిసారి వెళ్ళేటప్పుడు రెండుచోట్ల విప్పి చూపించాం.

పవర్ బ్యాంకు గురించి ఈసారి పెట్టెలు అప్పగించే చోటే అడిగారు. అది పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. దాని నిల్వ సామర్థ్యం 100 వాట్-అవర్ల లోపు ఉండాలి. మనవాళ్ళు ఎక్కువగా కొనే 20,000 ఎం.ఎ.హెచ్. బ్యాంకు 74 వాట్-అవర్లే. అంకె చెరిగిపోయిన పాతదైతే మాత్రం ఇంట్లో వదిలేయండి, వాదించి నెగ్గలేరు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్ నగరంలో ఆగి ఉన్న విమానం తగలబడింది. కారణం పవర్ బ్యాంకు కావచ్చని దర్యాప్తులో తేలాక అందరూ బిగించారు. ఎండుకొబ్బరి విషయంలోనూ జాగ్రత్త. నూనె ఎక్కువ ఉండి దానంతటదే వేడెక్కుతుందని ప్రమాదకర వస్తువుల జాబితాలో పెట్టారు. ఆవకాయ, కారప్పొడి పెట్టెలో వేసుకోండి. నెయ్యి సీసా, పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు అసలే వద్దు. పాల పదార్థాలనూ, ధ్రువపత్రం లేని తాజా ఆకులనూ పళ్ళనూ ఐరోపా సమాఖ్య రానివ్వదు. మా ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్ళకు మామిడి మాటే కాస్త కష్టం.

తిరుగు ప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఆవిడ శరీర స్కానర్‌లో చేతులెత్తి నిలబడింది. తెర మీద కనిపించేది ఒంటి ఆకారం కాదు, పిల్లలు గీసినట్టుండే మనిషి బొమ్మ. ఎక్కడ అనుమానం ఉంటే అక్కడ పసుపు చదరం. ఆమె బొమ్మకు నాలుగు పడ్డాయి: మెడ దగ్గర సూత్రాలు, తల వెనక ముడి, రెండు పాదాలకు మెట్టెలు. తీయమని ఎవరూ అనలేదు. ఒక జర్మన్ ఆవిడ పసుపు తాడును రెండు వేళ్ళతో పైకెత్తి చూసి, ముడిని మెల్లగా అదిమి, వంగి పాదాలు చూసి, వెళ్ళమంది. చెన్నైలో ఆడవాళ్ళను తెర వెనక తనిఖీ చేస్తారు, అక్కడ అందరి ముందూ చేశారు. వేరే గది కావాలని అడిగితే తీసుకువెళతారని అమ్మాయి తర్వాత చెప్పింది. మా ఆవిడకు తెర పద్ధతే నచ్చింది, నాకూ అంతే. కానీ ఆ వంగి చూసినావిడ మర్యాద మాత్రం ఇద్దరికీ గుర్తుండిపోయింది.

సెంటు సంగతి. రెండోసారి సరిగ్గా 100 మి.లీ. సీసా కొన్నాను, సీలు ముట్టుకోలేదు, ఇల్లు చేరాకే విప్పాను. అల్లుడుగారు రెండు చుక్కలు మణికట్టు మీద రాసుకుని చాలా బాగుందన్నారు. వాసన ఎక్కువైందని దాన్ని స్నానాల గదిలో పెట్టేశారని అమ్మాయి మొన్న ఫోనులో చెప్పింది.