కసూతి కోసం ధార్వాడలో నాలుగు రోజులు

పోగులు లెక్కపెట్టి కుట్టే ఉత్తర కర్ణాటక ఎంబ్రాయిడరీ, కసూతి, నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లు బస హుబ్లీలో కాకుండా ధార్వాడలోనే చూసుకోండి. రెండు ఊళ్లకూ మధ్య 20 కిలోమీటర్లే, బస్సులకూ కొదవ లేదు. అయినా నా మాట వినండి. రాత్రంతా అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం చేసి, హుబ్లీలో ఆ 1507 మీటర్ల ప్లాట్‌ఫారం మీద పెట్టె లాక్కుంటూ వచ్చేసరికి ఓపిక అయిపోయి, స్టేషన్ దగ్గరే ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది గానీ ఉన్నది ఒక్కటే పసుపు బల్బు. పగలు నేర్చుకున్నది రాత్రి కుట్టి చూద్దామంటే నల్ల గుడ్డ మీద పోగులే కనపడలేదు. పోగులు లెక్కపెట్టలేకపోతే కసూతి లేనట్టే. గుడ్డ మీద గీసుకుని కుట్టే పని కాదిది.

మర్నాడే ధార్వాడలో ఒకరి ఇంట్లో పై గదికి మారాను. తూర్పు వసారా. పొద్దున్నే చక్కటి వెలుతురు. వేడినీళ్లు రెండుసార్లు అడిగితేగానీ రాలేదు, కానీ జొన్నరొట్టె, ఎణ్ణెగాయి (గుత్తివంకాయ కూర) మాత్రం వేళ తప్పలేదు. ఆ వసారా కోసమే మళ్లీ అక్కడే దిగుతాను.

క్లాసులో ఎనిమిది మందిమి, అందరం సరదాకి నేర్చుకునేవాళ్లమే. నేర్పినావిడకు అరవై దాటాయి, అందరం అక్కా అనే పిలిచాం. కసూతికి కుట్లు నాలుగు: గవంతి, ముర్గి, నేగి, హెంతె. మొదటి రెండున్నర రోజులూ గవంతే. నాలుగు పోగుల మీదుగా, నాలుగు పోగుల కిందుగా సూది నడుస్తుంది. వెళ్లేటప్పుడు గీత తెగి తెగి కనిపిస్తుంది, అదే దారిన తిరిగొచ్చేటప్పుడు ఆ ఖాళీలు నిండుతాయి. ముడి వేయకూడదు. దారం కొస కుట్ల కిందే దాగిపోవాలి. అప్పుడు పైవైపు, వెనకవైపు ఒక్కలాగే ఉంటాయి. 16వ శతాబ్దంలో ఇంగ్లండువాళ్లు చొక్కా చేతులకు, మెడపట్టీలకు నల్లదారంతో కుట్టుకున్న బ్లాక్‌వర్క్‌లోనూ ఇదే కుట్టు. ఆ కాలపు చిత్రకారుడు హోల్‌బైన్ వేసిన చిత్రాల్లో కనిపిస్తుంది కాబట్టి దానికి ఆయన పేరే పెట్టారు.

నేను కుట్టడానికి గోపురం బొమ్మ ఎంచుకున్నాను. దారి చీలిన ప్రతిచోటా ఆ చీలిక చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చాకే ముందుకు కదలాలి. మూడో అంతస్తు దగ్గర ఎక్కడో నాలుగుకు బదులు మూడు పోగులు ఎత్తాను. ఆ సంగతి అప్పుడు తెలియదు, తిరుగుదారిలో గీత కలవనప్పుడు తెలిసింది. అక్క దగ్గరికి తీసుకెళ్తే పైవైపు చూడనే లేదు. “తిరుగిసి నోడ్రి” (తిప్పి చూడండి) అని గుడ్డ వెనక్కి తిప్పి, సూది మొనతో ఆ ఒక్క కుట్టు మీద ఆపింది. అక్కడిదాకా అంతా విప్పించింది. రెండు గంటల పని! విప్పుతుంటే ప్రాణం ఉసూరుమంది, కానీ దారం ఎక్కడ మలుపు తిరగాలో నాకు అర్థమైంది ఆ విప్పడంలోనే.

నాలుగు కుట్లూ వచ్చేస్తాయని ముందు చెప్పిన మాట మాత్రం నిలవలేదు. ముర్గి మెట్లమెట్లుగా సాగే కుట్టు, గవంతి చేతికొస్తే అదీ వస్తుంది. నేగి, హెంతె రెండూ ఆఖరి మధ్యాహ్నం హడావుడిగా చూపించి సరిపెట్టారు. నేగి అంటే నేత. గుడ్డలో నేసినట్టే కనపడాలి, దానికి రెండు రోజులైనా కావాలి. విడిగా డబ్బు తీసుకుని ఇచ్చిన కిట్టులో ఎర్రదారం మొదటి ఉతుకుకే రంగు దిగి నా గోపురాన్ని పాడుచేసింది. దారం మీరే తీసుకెళ్లండి, ముందే తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూసుకోండి. మ్యాటీ క్లాత్ మాత్రం వాళ్లిచ్చిందే బాగుంది, పోగులు విడివిడిగా కనపడతాయి.

బయల్దేరే ముందు ఇంటావిడ బీరువాలోంచి వాళ్ల అత్తగారి పెళ్లినాటి చంద్రకళి చీర తీసి వసారాలో పరిచింది. నల్లపట్టు మీద గవంతిలో గోపురాల వరుస, ఒక్కోటి నా బొటనవేలి గోరంత. తిప్పి చూశాను. మళ్లీ తిప్పాను. ఏది పైవైపో పోల్చుకోలేకపోయాను. చివరికి కిందనున్న ఫాల్ చూసి తెలుసుకున్నాను.